నమస్కారం పెట్టినా కలవని అరచేతులు: ఒక నాలుగేళ్ల పాప కంటి కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయకపోవడానికి ఒక కారణం టైం లేకపోవడం, ఇంకో కారణం ఇందులో నేను పప్పులో కాలేసిన సంగతి కూడా ఉండటం. పాప అమ్మానాన్నలు రాసుకోండి మేడమ్ అన్నారు. ఊరు, ఇంటి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను, కంటి సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదటిసారి వచ్చినప్పుడు పాపకి నాలుగేళ్ల రెండు నెలలు. వెంట అమ్మ, నానమ్మ. బొమ్మల పుస్తకం ఇస్తే ముక్కు ఆనించి చూస్తోందని అంగన్‌వాడీ టీచర్ పంపించారు. నానమ్మకి అసలు ఇదొక కంప్లైంటే కాదు. "వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు అట్టాగే చూసేవాడు డాక్టరమ్మా, ఆ పోలికే వచ్చింది" అంది నవ్వుతూ. ఆ మాట నా చెవిన పడింది, కేస్ షీట్ మీద పడలేదు. ఓపీలో బయట అరవై మంది ఉన్నారు, నానమ్మలు చెప్పే పోలికలన్నీ రాసుకుంటూ కూర్చుంటే సాయంత్రం అవుతుంది అనుకునే రకం రోజు అది.

కన్ను ఎర్రబడిందా, నీళ్లు కారాయా, వెలుతురు చూడలేకపోతోందా అని అడిగితే లేదు, లేదు, లేదు. ఎప్పుడైనా కొంచెం ఎర్రబడితే మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసేవాళ్లట, రెండు రోజుల్లో తగ్గిపోయేదట. ఆ సీసా సంచిలోనే ఉంది, తీసి చూస్తే యాంటీబయాటిక్‌తో కలిపిన స్టెరాయిడ్ చుక్కలు. తగ్గక ఏమవుతుంది.

బొమ్మల చార్టు మీద కుడి కంటి చూపు 6/18 వచ్చింది, మామూలు చూపు అయితే 6/6. ఎడమ కన్ను అయితే రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టడం వరకే. పాపని నానమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, లోపల ఎలుక దాక్కుంది కదలకుండా చూడమని చెప్పి స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దది చేసి చూపే మైక్రోస్కోప్, పెట్టాను. రెండు కార్నియాల మీదా, అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొరల మీదా, అటూ ఇటూ అంచుల దగ్గర సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ మొదలైంది. దాన్ని బ్యాండ్ కెరటోపతీ అంటాం, నిజంగానే కాల్షియం పేరుకుని అలా అవుతుంది, పిల్లల్లో చాలావరకు నెలల తరబడి లోపల వాపు ఉన్న కళ్లలోనే వస్తుంది. కార్నియా వెనక భాగంలో బొద్దుగా, జిడ్డుగా తెల్లటి చుక్కలు అతుక్కుని ఉన్నాయి. మా పుస్తకాల్లో వీటిని మటన్ ఫ్యాట్ కేపీలు అంటారు. పేరు పెట్టినవాడికి మాంసం కూర చల్లారాక గిన్నె అంచున గడ్డకట్టే కొవ్వు బాగా తెలిసి ఉండాలి. కంటి ముందు గదిలో కణాలు, సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలినట్టు. కనుపాప పెద్దదవడానికి మందు వేస్తే కుడి కన్ను కొంత తెరుచుకుంది, ఎడమ కన్ను మాత్రం కనుపాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, వెనక్కి లెన్స్‌కి అతుక్కుపోయి ఉండటంతో పువ్వు రెక్కల్లా వంకరటింకరగా ఆగిపోయింది.

అంటే యువియైటిస్. కంటి మధ్య పొరకి వచ్చే వాపు. ఎరుపు లేదు, నొప్పి లేదు, పాప హాయిగా ఆడుకుంటోంది, లోపల మాత్రం ఇల్లు కాలుతోంది.

ఇక్కడే నేను తొందరపడ్డాను. చిన్న ఆడపిల్ల, ఎరుపు లేని కన్ను, సున్నం పట్టీ, ఈ మూడూ కలిస్తే మా అందరి నోటా వచ్చే మొదటి మాట జేఐఏ, అంటే పిల్లల కీళ్లవాతంతో వచ్చే యువియైటిస్. కీళ్ల నొప్పులున్నాయా అని అడిగాను, లేవన్నారు. మోకాళ్లు మాత్రం తడిమి చూశాను. పాప వేసుకున్నది చేతులు పూర్తిగా కప్పే గౌను, ఏప్రిల్ ఎండలో. ఎందుకని అడగలేదు. మేనరికమేనా అని అడిగాను, ఆంధ్రాలో ప్రాక్టీస్ చేసే ఎవరికైనా అలవాటైన ప్రశ్న. అవును, నానమ్మ సొంత అన్న కూతురే పాప అమ్మ. కేస్ షీట్‌లో మేనరికం అని రాసి కింద గీత గీశాను, దాంతో వంశానికి సంబంధించిన విచారణ పూర్తయినట్టు ఫీలయ్యాను. చుక్కల మందులు రాసి, రక్తపరీక్షలు రాసి, హైదరాబాద్‌లో పిల్లల కీళ్ల డాక్టర్‌కి ఉత్తరం రాసిచ్చి, పది రోజుల్లో రమ్మన్నాను.

ఐదు వారాలకి వచ్చారు. హైదరాబాద్ వెళ్లలేదు. వాళ్లది మార్కెట్ యార్డు పక్కన టీ కొట్టు, సీజన్లో కొట్టు మూస్తే మిగతా ఏడాదంతా కష్టమట. ఈసారి పాపని తెచ్చింది నాన్న.

గదిలోకి వస్తూనే నమస్కారం పెట్టాడు. రెండు అరచేతులూ కలవలేదు. వేళ్ల కొసలు తగిలాయి, మణికట్లు తగిలాయి, మధ్యలో ఒక నిమ్మకాయ పట్టేంత సందు. డయాబెటిస్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో ఇలాంటిది చూస్తాం, ఆయనకి ముప్పై ఒకటి. పైగా ఎడమ కన్ను తెల్లగా, చిన్నగా కుంచించుకుపోయి ఉంది. కూర్చోమని చెప్పి, మీ చేతులు ఒకసారి బల్ల మీద పెట్టండి అన్నాను. వేళ్లు మధ్య కణుపు దగ్గర వంగి ఉన్నాయి, బల్లకి ఆనించి నొక్కినా చదును కాలేదు. "ఇవి చిన్నప్పటి నుంచి ఇంతే మేడమ్, టీ గ్లాసులు పట్టుకుని పట్టుకుని ఇట్టా అయినయ్యి" అన్నాడు. చిన్నప్పటి నుంచీ టీ గ్లాసులు పట్టుకున్నాడా అని అడిగితే తనకే నవ్వొచ్చింది. మరి కన్ను? తొమ్మిదేళ్లప్పుడు అమ్మవారు పోసి పోయిందన్నాడు. అమ్మవారు పోసిన మచ్చ మొహం మీద ఒక్కటీ లేదు.

అప్పుడు పాప గౌను చేతులు పైకి లాగాను. మోచేతుల మీదా, భుజాల మీదా గసగసాలు చల్లినట్టు చిన్న చిన్న గోధుమరంగు పొక్కులు, పైన సన్నటి పొట్టు. వేలితో రాస్తే సన్నటి ఉప్పుకాగితంలా గరుకు. తొడల మీదా, వీపు మీదా అదే. దురద పెద్దగా లేదు. ఏడో నెలలో మొదలైందట. ఒకరు ఎగ్జిమా అన్నారు, ఇంకొకరు పొడిచర్మం జబ్బు అన్నారు, ఊళ్లో ఆర్ఎంపీ వేడి చేసిందన్నాడు, చుట్టాలు గజ్జి అంటున్నారని అమ్మ పూర్తి చేతుల గౌన్లు కుట్టించింది. మణికట్లు చూస్తే రెండూ ఉబ్బి ఉన్నాయి. జేఐఏలో ఉండే బిగుతు వాపులా కాదు, నొక్కితే బూరెలా మెత్తగా దిగుతోంది. చీలమండలు కూడా అంతే. వంచితే పాప ఏడవలేదు, పూర్తిగా వంగుతున్నాయి. నొప్పి లేదు కాబట్టి అమ్మ కీళ్ల నొప్పులు లేవంది, ఆవిడ తప్పేం లేదు, నేను అడిగింది నొప్పి గురించే, వాపు గురించి కాదు.

చర్మం, కీళ్లు, కన్ను. ఈ మూడూ నాలుగేళ్ల పిల్లలో, పక్క కుర్చీలో అదే జబ్బు ముదిరి సగం ఆరిపోయిన రూపంలో నాన్న. బ్లౌ సిండ్రోమ్. పీజీ రోజుల్లో ఒకే ఒక్కసారి, అదీ పరీక్షకి ముందు రాత్రి చదివిన పేరు.

ఎడ్వర్డ్ బ్లౌ అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన పిల్లల డాక్టర్. ఒకే కుటుంబంలో నాలుగు తరాల్లో 11 మందికి కీళ్లవాపు, కంటివాపు, దద్దు కలిసి రావడం గమనించి 1985లో రాశాడు. అదే ఏడాది డగ్లస్ జాబ్స్ బృందం ఇంకో కుటుంబం గురించి రాసింది. దీనికి కారణమైన జన్యువు నాడ్2, 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది 2001లో దొరికింది. జబ్బు ఎంత అరుదంటే పది లక్షల మందిలో ఒకరికి కూడా ఉండదని అంచనా. పేరు పెట్టకుండా మిగిలిపోయినవాళ్లు ఎంతమందో అని నాకు అనుమానం, పాప నాన్నే ముప్పై ఏళ్లు అలా మిగిలిపోయాడు.

నాడ్2 చేసే పని తేలిగ్గానే చెప్పొచ్చు. మన రక్తంలో, కణజాలంలో కాపలా తిరిగే కొన్ని తెల్లకణాల లోపల అది కూర్చుని ఉంటుంది. బ్యాక్టీరియా గోడ ముక్క ఒకటి తగిలితే గంట కొడుతుంది, వాపు పుట్టించే వ్యవస్థ లేస్తుంది, పని అయ్యాక గంట ఆగుతుంది. బ్లౌలో ఆ కాలింగ్ బెల్ స్విచ్ లోపలికి ఇరుక్కుపోయినట్టు, గుమ్మం దగ్గర ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. ఆ గోల విని కణాలు గుంపులుగా చేరి గడ్డలు కడతాయి, వాటినే గ్రాన్యులోమాలు అంటాం. ఒక విచిత్రం ఏంటంటే పేగుల జబ్బు క్రోన్స్‌కి కూడా ఇదే జన్యువుకీ సంబంధం ఉందని అదే 2001లో బయటపడింది, కాకపోతే అక్కడ మార్పులు వేరే భాగంలో ఉంటాయి, అవి గంట సరిగ్గా మోగకుండా చేస్తాయి.

కంటి వెనక భాగం చూడాలంటే మత్తు ఇవ్వక తప్పలేదు. కుడి కంట్లో అంచుల వైపు, రెటీనా కింద ఉండే కోరాయిడ్ పొరలో చిన్న చిన్న పసుపు తెలుపు మచ్చలు, ఎడమ కంట్లో లోపలి జెల్లీ, విట్రియస్, మబ్బు పట్టి ఉంది, ఆ మబ్బులోంచి కంటి నరం మొదలయ్యే ఆప్టిక్ డిస్క్ అంచు ఉబ్బుగా, గడ్డలు కట్టినట్టు కనిపించింది. జేఐఏ యువియైటిస్ ఎక్కువగా కంటి ముందు భాగానికే పరిమితం అవుతుంది, మటన్ ఫ్యాట్ కేపీలు కూడా దాని లక్షణం కాదు. అవి మొదటి రోజే నాకు కనిపించాయి. కనిపించాక కూడా జేఐఏ అని రాసుకున్నాను. అలవాటు అంత బలమైంది.

అదే మత్తులో స్కిన్ డాక్టర్ చర్మం నుంచి చిన్న ముక్క తీశారు. రిపోర్ట్: గ్రాన్యులోమా, మధ్యలో కుళ్లు లేదు, టీబీ క్రిములు లేవు. మన దేశంలో గ్రాన్యులోమా అనే మాట వినగానే ఎవరో ఒకరు "కాక్స్" అంటారు, డాక్టర్ల భాషలో టీబీకి ముద్దుపేరు. ఈసారీ అన్నారు. ఎందుకైనా మంచిది, ఆరు నెలలు టీబీ మందులు వాడేద్దాం అని ఒక సీనియర్ సలహా. ఆయన్ని తప్పుపట్టను, మన దగ్గర పదిసార్లు అలా అంటే చాలాసార్లు నిజమవుతుంది. కానీ స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టక ముందే చేసిన టీబీ పరీక్షలు మాంటూ, ఇగ్రా రెండూ నెగటివ్, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకో ముక్క: ఇలాగే గ్రాన్యులోమాలు కట్టే పెద్దవాళ్ల జబ్బు సార్కాయిడోసిస్‌లో ఛాతీ ఎక్స్‌రే బయటపెట్టేస్తుంది, బ్లౌలో చాలావరకు ఊపిరితిత్తుల జోలికి పోదు. సార్కాయిడోసిస్ అనుమానంతో చేసే ఏస్ రక్తపరీక్ష కొంచెం ఎక్కువ వచ్చింది, పిల్లల్లో మామూలుగానే ఎక్కువ ఉంటుంది కాబట్టి దాని మీద నేను ఏమీ కట్టుకోలేదు. కీళ్లవాతం అనుమానంతో చేసే ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్ రెండూ నెగటివ్. ఒంట్లో వాపుని సూచించే ఈఎస్ఆర్ 38.

అన్నట్టు, మాంటూ స్టెరాయిడ్‌కి ముందే చేయండి. మాత్రలు మొదలుపెట్టి నెల తర్వాత గుర్తొస్తే, ఆ నెగటివ్‌ని నమ్మలేం.

పాప రక్తం జన్యుపరీక్షకి వెళ్లింది. ఐదున్నర వారాలకి రిపోర్ట్: నాడ్2లో 334వ స్థానంలో ఆర్జినైన్ ఉండాల్సిన చోట ట్రిప్టోఫాన్. ప్రపంచంలో బ్లౌ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే మార్పులు ఈ 334 దగ్గరివే. తర్వాత నాన్నకి ఆ ఒక్క చోటు మాత్రం చూశారు, అదే మార్పు. అమ్మకి లేదు.

ఈ రిపోర్ట్ చదివి చెప్పిన రోజు గురించి కొంచెం రాయాలి. గదిలో నలుగురూ ఉన్నారు. నేను మొదటి రోజు మేనరికమేనా అని అడిగిన ప్రశ్న ఇంటికి వెళ్లాక ఏం చేసిందో అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ కూడా అదే అడిగింది, దగ్గర సంబంధం చేసుకోబట్టే పిల్లకి ఇట్టా అయిందని చుట్టాలు ఈ ఐదారు నెలలూ అమ్మనే అన్నారట. ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట "మా నాన్న ఇంటి నుంచే వచ్చిందా మేడమ్?" అని. కాదమ్మా అన్నాను. మేనరికంతో ముప్పు ఉండేది తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒకే జన్యువు తాలూకు ఒక్కో చెడిన ప్రతి దాగి ఉండి, రెండూ బిడ్డకి చేరినప్పుడు. బ్లౌలో ఒక్క ప్రతి చాలు, అది ఉన్న మనిషికే జబ్బు కనిపిస్తుంది, ఎవరిని పెళ్లి చేసుకున్నా బిడ్డకి రావడం బొమ్మా బొరుసా వేసినట్టే, ప్రతి కాన్పులోనూ సగం సగం. బయటి సంబంధం చేసుకున్నా ఇదే లెక్క. ఆవిడ ఏమీ అనలేదు. పాప గౌను చెయ్యి మడత సరిచేస్తూ కూర్చుంది.

నానమ్మే అందుకుంది. "మరి మీ మామకి చేతులు కర్రల్లా తిన్నగా ఉండేయే, కళ్లు డేగ కళ్లు" అని చనిపోయిన భర్తని తలచుకుంది. కావచ్చు, కొన్నిసార్లు ఈ మార్పు ఒక మనిషిలో కొత్తగా పుడుతుంది, తల్లికీ తండ్రికీ ఉండదు. బహుశా ఈ ఇంట్లో అది పాప నాన్నతోనే మొదలైంది. ఆయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అడిగింది ఒకటే: "అయితే పాపకి నా కన్ను పోయినట్టు పోదుగా?"

ఎడమ కన్ను గురించి మాట ఇవ్వలేనని చెప్పాను. కుడి కన్ను కాపాడదామన్నాను.

ట్రీట్‌మెంట్ నేనొక్కదాన్నే చేసింది కాదు, హైదరాబాద్ కీళ్ల డాక్టర్ ఫోన్‌లో, మా ఊరి పిల్లల డాక్టర్ పక్కనే ఉన్నారు. పాప బరువు 14 కిలోలు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టి మూడు నెలల్లో తగ్గించుకుంటూ వచ్చాం. దాంతోపాటే రోగనిరోధక వ్యవస్థని నెమ్మదింపజేసే మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. దీని గురించి గట్టిగా చెబుతాను, మన దగ్గర ఈ మందుతో జరిగే ప్రమాదాల్లో పెద్దది వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం. చీటీ మీద వారానికి ఒకసారి అని రాసినా షాపులో రోజుకొకటి అని చెప్పేవాళ్లున్నారు. అందుకని నేను వారం పేరుతో చెబుతాను. పాపకి గురువారం. నానమ్మ గురువారం సాయిబాబా గుడికి వెళ్తుంది, మర్చిపోదు. గోడ క్యాలెండర్ మీద గురువారాలన్నీ ఎర్ర పెన్నుతో చుట్టించాను, ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో.

మెథోట్రెక్సేట్ ఒక్కటే బ్లౌకి సరిపోదని చాలామంది అనుభవం. మూడు నెలలకి కుడి కన్ను కొంత నెమ్మదించింది, స్టెరాయిడ్ తగ్గించగానే మళ్లీ కణాలు లేచాయి. అప్పుడు వాపుని అదుపుచేసే ఇంజెక్షన్ అడాలిముమాబ్ మొదలుపెట్టాం, 30 కిలోల లోపు పిల్లలకి రెండు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు. జేఐఏ యువియైటిస్‌లో మెథోట్రెక్సేట్‌కి ఇది కలిపితే బాగా పనిచేస్తుందని బ్రిటన్‌లో 90 మంది పిల్లల మీద చేసిన సైకమోర్ ట్రయల్ 2017లో చూపించింది. బ్లౌ మీద అంత పెద్ద ట్రయల్ లేదు, ఇంత అరుదైన జబ్బుకి చేయడమూ కష్టమే, అందుకే అక్కడి పాఠాన్ని ఇక్కడికి అరువు తెచ్చుకుంటాం. మన అదృష్టం ఏంటంటే దీని బయోసిమిలర్, అంటే అసలు మందుకి దగ్గరి నకలు, ప్రపంచంలో మొదట మార్కెట్లోకి వచ్చింది మన దేశంలోనే, 2014 డిసెంబర్‌లో. అయినా ఒక టీ కొట్టుకి అది చిన్న ఖర్చు కాదు. మొదటి ఆరు ఇంజెక్షన్లకి యార్డు హమాలీలు చందా వేశారు, తర్వాత ఒక ట్రస్టు సాయం దొరికింది.

ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదు, కొట్లో పాల ప్యాకెట్ల ఫ్రిజ్ ఉంది. అందులో పెట్టండి అని చెప్పి పంపాను. రెండో డోసుకి ఆయన జాగ్రత్త ఎక్కువై, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని పై అరలో, ఐసు కట్టే చోట పెట్టాడు. గడ్డకట్టింది. గడ్డకట్టి కరిగిన మందు వాడకూడదు, పారేయాలి. అది విని ఆయన మొహం చూడలేకపోయాను. తప్పు నాదే, ఫ్రిజ్‌లో అన్నాను కానీ ఏ అరలో అని చెప్పలేదు. ఇప్పుడు మా నర్సు ఫోన్‌లో ఆ ఫ్రిజ్ ఫొటో ఉంటుంది, మధ్య అరలో స్టీలు డబ్బా, దాని మీద పాప పేరు, ఎవరికి ఇంజెక్షన్ ఇచ్చినా ముందు ఆ ఫొటో చూపించి చెబుతుంది.

ఇంకో సంగతి, పెద్దగా ఎవరూ చెప్పరు. ఇలాంటి మందులు వాడుతున్న పిల్లలకి బతికున్న క్రిములతో చేసిన టీకాలు వేయకూడదు. పాపకి తట్టు టీకా రెండు డోసులూ ముందే అయిపోయాయి కాబట్టి ఆ సమస్య లేదు. పోలియో చుక్కలు కూడా బతికున్న క్రిములతో చేసినవే. పల్స్ పోలియో ఆదివారం ఆశా వర్కర్ ఇంటికొచ్చి చుక్కలు వేయబోతే నానమ్మ అడ్డం పడిందట, ఆ అమ్మాయి చుక్కలు వద్దంటున్నారని రిపోర్ట్ రాయబోయిందట. చివరికి నాకు ఫోన్ చేశారు. ఆమెతో మాట్లాడాను, పాపం ఆమె డ్యూటీ ఆమె చేసింది. ఇప్పుడు పాప ఫైల్లో మొదటి పేజీలోనే ఒక ఉత్తరం ఉంటుంది.

నాలుగో నెలలో ఎడమ కంటి ప్రెషర్ 31కి పోయింది. స్టెరాయిడ్ చుక్కలా, లోపలి వాపా, అతుకులా, మూడూ కారణమే అయ్యుంటాయి. ప్రెషర్ తగ్గించే చుక్కలతో 17కి వచ్చింది, ఇంకా వాడుతూనే ఉంది. శుక్లం మొదలైంది, కన్ను కనీసం మూడు నెలలు పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే గానీ దాని జోలికి పోను. కుడి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి ఎడమ కంటితో చూడమంటే పాప కొట్లో గ్లాసులు లెక్కపెట్టే ఆట కనిపెట్టింది.

రెండేళ్లు దాటింది. కుడి కన్ను 6/9. ఎడమ కన్ను 6/36, డిస్క్ కొంచెం పాలిపోయింది, అంతకంటే పెరుగుతుందని నేను అనుకోవడం లేదు. మణికట్ల బూరెలు చాలావరకు తగ్గాయి, వేళ్లు తిన్నగా ఉన్నాయి. దద్దు దానంతటదే పలచబడింది, ఇప్పుడు పాపకి పొట్టి చేతుల గౌన్లు. వచ్చినప్పుడల్లా బీపీ చూస్తాం, బ్లౌలో కొందరికి పెద్ద రక్తనాళాలు వాస్తాయి, కిడ్నీ, లివర్ మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఇదంతా చూసి, మందులు అవే కదా, జేఐఏ అన్నా బ్లౌ అన్నా తేడా ఏముంది అని ఒక ఫ్రెండ్ అడిగింది. మందుల చీటీ వరకు చూస్తే నిజమే. కానీ జేఐఏ అనుకుని ఉంటే కొన్నేళ్లు నెమ్మదిగా ఉంటే మందు ఆపి చూసేదాన్ని, బీపీ చూసేదాన్ని కాదు, చర్మం ముక్క రిపోర్ట్ చూసి టీబీ మందులకి ఒప్పుకుని ఉండేదాన్ని, పాప నాన్నని అసలు కుర్చీలో కూర్చోబెట్టి చూసేదాన్నే కాదు.

ఆయన మిగిలిన కుడి కంట్లో కూడా పాత అతుకులు, అంచుల్లో పాత మచ్చలు, వాటి మధ్య కొన్ని కణాలు ఇంకా తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఆ కన్ను దాని అదృష్టం కొద్దీ నిలబడింది, 6/12. ఇప్పుడు ఆయనకీ మెథోట్రెక్సేట్ నడుస్తోంది, గురువారమే, పాపతో కలిపి. ఇంజెక్షన్ కూడా కావాలేమో అంటే పాపకి అయ్యాక చూద్దాం మేడమ్ అంటాడు. పాపకి ఎప్పటికి అవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వేళ్లు ఇక తిన్నగా కావు.

పోయిన ఏడాది తమ్ముడు పుట్టాడు. పుట్టినప్పుడే పరీక్ష చేయిద్దామంటే అమ్మ వద్దంది, తెలిస్తే రోజూ వాడి చర్మమే చూస్తూ కూర్చుంటాను అంది. బలవంతం చేయలేదు, నెలకోసారి చూపించండి అన్నాను. పోయిన నెల రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది, బాబు మోచెయ్యి, ట్యూబ్‌లైట్ వెలుగులో ఎర్రటి చుక్కలు, కింద "ఇది సెగేనా మేడమ్?" అని. జూమ్ చేసి చూశాను. మెడ మడతల్లో, చంకల్లో కూడా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయంది, చెమట పొక్కుల్లాగే అనిపించాయి. అయినా పొద్దున్నే తీసుకురమ్మన్నాను. చర్మం గరుకుగా లేదు, కళ్లు శుభ్రంగా ఉన్నాయి, మణికట్లు మామూలే. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, ఇక పరీక్ష చేయించేయండి మేడమ్, ఫొటో తీసినప్పుడల్లా భయం పడలేను అంది. రక్తం అదే రోజు పంపాం, రిపోర్ట్ ఇంకా రాలేదు.